గంటకు తొడిగిన ఎర్రగుడ్డ

"వాడికి కప్పెవరిచ్చారు?"

మదర్ అల్ఫాన్సీన్ వంటపాక గుమ్మంలో నిలబడి అడిగింది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడిందంటే గొడవ పెద్దదని ఆ ఇంట్లో కోళ్ళకు కూడా తెలుసు.

పెరట్లో రొట్టెపండు చెట్టు కింద బల్ల మీద కత్బర్ట్ హోల్డర్ కూర్చున్నాడు. ఒళ్ళో గోధుమపిండి సంచి, అందులో ఏదో బరువు. చేతిలో ఎనామిల్ కప్పు. కప్పులో కోకో పొగలు కక్కుతోంది. నిన్నటిదాకా పోలీసు. టోపీ, ఇత్తడి గుండీలు లేకపోయేసరికి సగం మనిషే వచ్చి కూర్చున్నట్టుంది.

"నేనే ఇచ్చాను," అంది ఇస్మే, పెనం మీద రొట్టె తిప్పుతూ.

"అది మీ నాన్న కప్పే!"

"ఇంట్లో ఉన్నవి మూడు. ఒకటి నీది, ఒకటి నాది. నీది ఇమ్మంటావా?"

"మీ నాన్నని మెడపట్టి బురదలోకి ఈడ్చినవాడే వాడు."

"ఎవరు ఈడ్చారో నువ్వు నాకు చెప్పక్కర్లేదమ్మా. నేనక్కడే ఉన్నాను. అప్పటికి చిన్నదాన్ని, గుడ్డిదాన్ని కాదు."

అల్ఫాన్సీన్ లోపలికి వచ్చి పీట మీద కూలబడింది. మోకాళ్ళు నొప్పి. అరవై దాటిన మోకాళ్ళు. సగం జీవితం మట్టినేల మీదే ఆనించిన మోకాళ్ళు.

పోయిన ఆదివారం మందిరంలో అందరూ చూస్తుండగా ఈ హోల్డర్ మోకరించి శోకదీక్ష అడిగాడు. కళ్ళకు పట్టీలు కట్టించుకుని, దీక్షగదిలో నేలమీద పడుకుని, లోకానికి చచ్చి, చేసిన పాపాలకు ఏడ్చి, ఆత్మ చూపించిన దారిలో తిరిగి లేచి రావడం ఆ దీక్ష. పట్టీలు కట్టేది మదర్. ఆ దారిలో చెయ్యి పట్టుకుని నడిపించేదీ ఆమే.

అడగ్గానే కట్టరు. ముందు తాను కీడు చేసిన ప్రతి గడపకూ వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళి సమాధానం, అంటే మన్నింపు, అడగాలి. తర్వాత మందిరంలో నిలబెట్టి సభను అడుగుతారు: ఈ మనిషి మీద ఎవరి గుండెలోనైనా ముడి ఉందా? ఉందని ఒక్కరు లేచినా ఆ ముడి విప్పాకే పట్టీ. పట్టీలు కట్టే మదర్ గురించి కూడా అదే ప్రశ్న అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ నోరు తెరవలేదు. ఏదో వాడుకగా అడుగుతారు, అందరూ పాట ఎత్తుకుంటారు.

హోల్డర్ అన్ని గడపలూ తిరిగొచ్చాడు. మిగిలింది ఈ ఒక్కటే.

"నీకెందుకే వాడి మీద అంత ప్రేమ?" అంది అల్ఫాన్సీన్.

"ప్రేమా! వాడు చచ్చినా నేను కొవ్వొత్తి వెలిగించను. నాకు కావలసింది వాడి నోరు." ఇస్మే రొట్టెను పెనం మీంచి తీసి పళ్ళెంలో విసిరింది. "దీక్షకి ముందు వాడు అన్నీ విప్పి చెప్పాలి కదా? ఆ రోజు మన జాడ ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. 'వెర్నీస్ చెప్పింది' అని ఆ నోటితో నలుగురి ముందూ అనాలి. అది విన్నాక వాడికి నువ్వు పట్టీలే కడతావో, మెడకి ఉరే బిగిస్తావో, నాకనవసరం."

"వెర్నీస్ సంగతి ఎప్పుడో తేలిపోయింది."

"తేల్చింది నువ్వు. వాడు తేల్చలేదు. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ దాని దగ్గరే కొబ్బరినూనె కొంటారు. 'పాపం ఒంటరిది, చెప్పిందో లేదో ఎవరికి తెలుసు' అంటారు. మా నాన్న మట్టిలో ఉంటే దాని మీద పాపం!"

అల్ఫాన్సీన్ పొయ్యిలో కట్టె సర్దింది. అది సర్దాల్సిన అవసరం లేదు.

ఆ రోజుల సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, మరిచిపోయే జాతి మనది. గంట మోగిస్తే నేరం. తెల్ల తలగుడ్డ కట్టి, చెయ్యెత్తి దేవుణ్ణి కేకేస్తే నేరం. మనల్ని 'షౌటర్లు' అని పిలిచి చట్టం రాశారు. దొరల గుళ్ళో ఆర్గన్ ఎంత మోగినా అది ఆరాధన, మన గంట మోగితే అది రభస. ఈ ఏడాది ఆ చట్టాన్ని కొట్టేశారు. దాన్ని రాసినవాళ్ళు, ఓటు వేసినవాళ్ళు, ఆ పుస్తకం చూసి జైలు వేసిన మేజిస్ట్రేట్లు, ఒక్కడంటే ఒక్కడు ఏ పెరట్లోకీ వచ్చి తప్పయిందని అనలేదు. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వరండాల్లో కూర్చుని పింఛను తింటున్నారు. వచ్చింది ఈ పొరుగుదీవి బార్బడోస్ కానిస్టేబులు ఒక్కడే.

యుద్ధం నడుస్తున్న కాలంలో, కోకో తోట వెనక అడవిలో ఆకుపందిరి వేసుకుని దొంగచాటుగా ప్రార్థన చేసుకునే రోజుల్లో, వెర్నీస్ శోకదీక్ష తీసుకుంది. పట్టీలు కట్టింది అల్ఫాన్సీనే. దీక్షలోంచి లేచినప్పుడు చూసొచ్చిన దారిని సభకు కేకపెట్టి చెప్పాలి. వెర్నీస్ చెప్పింది: "బురద చూశాను. ఇత్తడి గుండీలు చూశాను. గంట మీద బూటు చూశాను."

ఆ మరుసటి ఆదివారమే హోల్డర్ వచ్చి పడ్డాడు. గంట బురదలో పడింది. గంట మీద బూటు పడింది. అల్ఫాన్సీన్ భర్త థియోఫిల్‌ని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఊపిరితిత్తుల్లో నెమ్ముతో తిరిగొచ్చి, మళ్ళీ వానాకాలం దాటలేదు.

అందరూ వెర్నీస్ వైపు తిరిగారు. ముందే ఎలా తెలిసింది? ఆత్మ చూపించిందా, పోలీసు చెప్పాడా? తీర్పు చెప్పాల్సింది మదర్. మదర్ చెప్పింది: "అది ఆత్మ చూపించింది కాదు."

అంతే. ఆ నాలుగు మాటలకే వెర్నీస్ కొవ్వొత్తి ఆర్పేశారు. తలగుడ్డ ఊడదీసి వెలేశారు.

*

కోకో తోటలోంచి కత్తి భుజాన వేసుకుని కాపరి నెహెమ్యా వచ్చాడు. మందిరంలో మగవాళ్ళకు పెద్ద. బల్ల మీది మనిషిని చూడనట్టే దాటి వచ్చాడు గానీ, దాటేటప్పుడు ఉమ్మేశాడు.

"మదర్, ఒక్క మాట చెప్పి పోతాను."

"నీది ఎప్పుడు ఒక్క మాటయింది, నెహెమ్యా బాబాయ్?" అంది ఇస్మే. "కూర్చో. ఉప్పుచేప ఉంది."

"వాడున్న పెరట్లో నేను తినను."

"వాడు పెరట్లో ఉన్నాడు. చేప పొయ్యి మీదుంది. రెంటికీ చుట్టరికం లేదు."

నెహెమ్యా నవ్వు ఆపుకుని ముఖం గట్టిగా పెట్టుకున్నాడు. "వాడికి పట్టీలు కడితే మేం పదిళ్ళవాళ్ళం ఆదివారం నుంచి రాము. నా వీపు మీద వాడి కర్ర వాత ఇంకా ఉంది. చొక్కా విప్పమంటావా?"

"వద్దు, తినే టైము," అంది ఇస్మే.

"నువ్వూరుకోవే. మదర్, కట్టనని చెప్పెయ్యి. వాడికి గుడి ఉంది. పాదిరి ఉన్నాడు. వాళ్ళ చర్చిలో మెత్త బల్లలున్నాయి."

అల్ఫాన్సీన్‌కు ఆ మాట తేనెలా తగిలింది. కట్టను. ఎంత తేలిక. సభ వద్దంది, కట్టను. ఎవరూ తప్పుపట్టరు. హోల్డర్ నోరు ఆ సభలో తెరుచుకోదు.

కానీ నాలుగురోడ్ల కూడలిలో, సాంగ్రే గ్రాండె సంతలో, బస్సు ఆగే చోట, చేతిలో గంట పట్టుకుని ఏళ్ళ తరబడి ఆమె అరిచింది ఏమిటి? మారుమనస్సు పొందండి. తాగుబోతుల్లారా రండి, దొంగల్లారా రండి, పోలీసుల్లారా మీరూ రండి. పోలీసుల్లారా అని కావాలనే అనేది. జనం నవ్వేవాళ్ళు.

ఇప్పుడొకడు వచ్చాడు.

"నేను వాడితో మాట్లాడాలి," అంది. "ఒక్కదాన్నే. మీరిద్దరూ చేప తినండి."

*

ఆమె వస్తుంటే హోల్డర్ లేచి నిలబడ్డాడు. కప్పు బల్ల మీద పెట్టాడు. సగం తాగాడు, సగం అలాగే ఉంది.

"కూర్చో. లేచి నిలబడటం మీ సార్జెంటు దగ్గర."

కూర్చున్నాడు.

"మీ గుడికెళ్ళి ఏడవచ్చుగా?"

"వెళ్ళాను మదర్. పాదిరి గారు విన్నారు. 'నువ్వు నీ డ్యూటీ చేశావు, ఇంటికెళ్ళి పడుకో' అన్నారు. పడుకున్నాను. నిద్ర రాలేదు."

"చట్టం ఉన్నప్పుడు బాగానే పట్టిందిగా నిద్ర?"

"పట్టింది. అది చట్టం చేస్తున్న పని అనుకున్నాను. నేను దాని చెయ్యిని, అంతే అనుకున్నాను." అతను సంచి మూతి విప్పుతూ మాట్లాడాడు. "చట్టం పోయింది. పోతూ పోతూ దాని వాటా అది తీసుకుపోలేదు మదర్. మొత్తం నా దగ్గరే వదిలేసింది."

ఇన్నేళ్ళలో అల్ఫాన్సీన్ దగ్గరికి దీక్ష కోసం వచ్చినవాళ్ళు చాలా ఏడ్చారు, నేలమీద దొర్లారు. ఇంత పొడిగా, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. వీడు సిద్ధంగా ఉన్నాడు, అనిపించింది. అనిపించి ఒళ్ళు మండింది.

అతను సంచిలోంచి గంట తీశాడు.

ఇత్తడి గంట. ఒక పక్క చొట్ట. చొట్టలో ఆ రోజు బురద ఇంకా నల్లగా ఎండి ఉంది.

"కోర్టు పనయ్యాక పారేయమన్నారు. పారేయలేకపోయాను. ఇది మీది."

ఆమె రెండు చేతులా తీసుకుంది. తలకిందులు చేసింది. లోపల నాలుక బోడిగా, మెరుస్తూ వేలాడింది.

"ఎవరు చెప్పారు నీకు?" అని అడిగింది. తెలియక కాదు. ఆదివారం అతను ఏం చెబుతాడో ముందే వినాలి.

"ఎవరూ చెప్పలేదు."

"అబద్ధాలాడకు."

"ఎవరూ చెప్పలేదు మదర్. సైకిలు చైను ఊడి రోడ్డు పక్కన కూర్చున్నాను. చేతులనిండా గ్రీజు. గాలి కొండ మీంచి తిరిగింది. గంట వినిపించింది." అతను గంట నాలుకకేసి చూపించాడు. "నేను చాలా గంటలు పట్టుకున్నాను. అన్నిటికీ లోపల గుడ్డ చుట్టి ఉండేది, పక్కవాడికి కూడా వినబడకుండా. దీనికొక్కదానికే లేదు. ఉండుంటే చైను ఎక్కించుకుని నా దారిన పోయేవాణ్ణి."

"మోగించింది ఎవరు?"

"నేనొచ్చేసరికి మీ ఆయన చేతిలో ఉంది. 'నేనే' అన్నాడు."

రొట్టెపండు ఆకు ఒకటి రాలి బల్ల మీద పడింది. ఇద్దరూ దానివైపే చూశారు.

"ఇదంతా ఆదివారం చెబుతావా?"

"అడిగితే చెబుతాను. నోట్లో అబద్ధం పెట్టుకుని కళ్ళకి పట్టీ కట్టించుకోలేను కదా."

"అడక్కపోతే?"

హోల్డర్ తలెత్తి చూశాడు. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. మనిషి ఎక్కడ తడబడుతుందో పట్టుకునే చూపు. పట్టుకున్నాడు. పట్టుకుని, చూపు దించేశాడు.

"మీ అమ్మాయి అడుగుతుంది మదర్. పొద్దున కోకో ఇస్తూ ఆ మాటే చెప్పింది."

*

ఆమె లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచింది. తెల్ల గౌన్ల అడుగున, వేలెడంత ఎర్ర ఫ్లానెల్ తొడుగు. ఇస్మే కుట్టింది. కుట్టు కుదురుగా ఉండదు, ఒక చోట రెండు పోట్లు ఎక్కువ. గంట నాలుకకు తొడిగి దారంతో బిగించడం థియోఫిల్ పని.

ఆ ఆదివారం ఎంత పాడినా ఆత్మ దిగలేదు. ఒక్కరూ ఊగలేదు. అంతకు ముందు వారమే వెర్నీస్ గొప్ప దారి చూసొచ్చి కేకపెట్టింది. అందరి కళ్ళూ ఆమె మీదే. మదర్ ఉండగా పిల్ల మీద! నొక్కిన గొంతుతో పిలిస్తే దేవుడెందుకు వస్తాడని అల్ఫాన్సీన్ గంట లాక్కుంది. ఎర్రగుడ్డ ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. "వద్దే, గాలి తిరిగింది," అన్నాడు థియోఫిల్ చెవి దగ్గర. ఆమె మోగించింది.

బూట్ల చప్పుడు వినగానే అతను ఆమె చేతిలోంచి గంట లాక్కున్నాడు. జైల్లో చెప్పలేదు. దగ్గుతూ మంచం మీద చెప్పలేదు. కూతురికి కూడా చెప్పకుండా పోయాడు.

అతను చెప్పకపోవడాన్ని ఆమె ఇన్నాళ్ళూ క్షమించడమే అనుకుంది. అనుకోవడానికి బాగానే ఉంది.

తొడుగును రవికలో దోపుకుని, కొవ్వొత్తి, పూలు వేసిన ఇత్తడి చెంబు పట్టుకుని పెరటి దారిన బయల్దేరింది. ఇస్మే చూసింది. "ఎక్కడికమ్మా?" అంది. ఆమె ఆగలేదు.

*

వెర్నీస్ వాకిట్లో నూనె కాస్తోంది. పెద్ద ఇనప మూకుడులో కొబ్బరిపాలు విరిగి, అడుగున మడ్డి ఎర్రబడుతోంది. ఆ సమయంలో తెడ్డు ఆపకూడదు. ఆమె ఆపలేదు. తలా తిప్పలేదు.

"నూనె ఇంకా అవలేదు, అల్ఫాన్సీన్."

పేరు పెట్టి పిలిచింది. ఒకప్పుడు అమ్మా అనేది. పట్టీలు కట్టిన చేతిని అమ్మా అనడం ఆనవాయితీ.

"నూనె కోసం రాలేదు."

"కొవ్వొత్తి కనిపిస్తూనే ఉంది. గాలికి దూరంగా పట్టుకో, ఆరిపోతుంది. మీవాళ్ళకి కొవ్వొత్తులు ఆర్పడం అలవాటేగా."

అల్ఫాన్సీన్ చెంబు నేలమీద పెట్టి, మోకాళ్ళు వంచింది. నొప్పికి మూలిగింది. జరిగింది చెప్పింది. అలంకారాల్లేకుండా, హోల్డర్ చెప్పినంత పొడిగా చెప్పాలని చూసింది. మధ్యలో రెండుసార్లు సాకుల్లోకి జారింది, మళ్ళీ తనను తాను వెనక్కి లాక్కుంది.

వెర్నీస్ తెడ్డు తిప్పుతూనే ఉంది.

"నేను చూసింది నిజమని నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"నాకు తెలీదు." తెడ్డు ఒక్క క్షణం ఆగింది. మడ్డి మాడిన వాసన వచ్చింది. మళ్ళీ కదిలింది. "నిజంగానే నాలో దయ్యం కూర్చుందేమో అనుకున్నాను. ఆత్మ అని నేను దేనికో మొక్కానేమో అనుకున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూస్తే భయం. మూయడమే మానేశాను. మీరు పలకరించకపోవడం కాదు నాకు కష్టమైంది. ఆయన కూడా పలకరించకుండా చేశావు."

"సమాధానం అడగడానికి వచ్చాను, వెర్నీస్."

"ఎక్కడ అడుగుతున్నావు? నన్ను నడుమ స్తంభం దగ్గర నిలబెట్టి, పిల్లా మేకా చూస్తుండగా తలగుడ్డ లాగేశారు. ఇప్పుడు నా మూకుడుకి చెప్పి పోదామని వచ్చావా? మూకుడు నిన్ను క్షమించింది. పో."

"ఆదివారం వస్తావా?"

"నూనె పనుంది," అంది వెర్నీస్.

*

ఆదివారం మధ్యాహ్నం మందిరం నిండింది. నెహెమ్యా తాలూకు పదిళ్ళవాళ్ళూ వచ్చారు. రాబోమన్నవాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు, తగువు చూడకుండా ఎవరుంటారు? నాలుగు మూలలా కొవ్వొత్తులు. నడుమ స్తంభం దగ్గర చొట్టపడ్డ గంట. తాటాకు బుట్టలో సుద్దగుర్తులు వేసిన పట్టీలు. తెల్లబట్టలతో, ఉత్త కాళ్ళతో హోల్డర్.

అల్ఫాన్సీన్ అడిగింది: "ఈ మనిషి మీద ఎవరి గుండెలోనైనా ముడి ఉందా?"

ఇస్మే లేచింది. ఆమె లేస్తుందని అందరికీ తెలుసు.

"ఉంది. ఒక్కటి చెప్పు, హోల్డర్. మా జాడ నీకు చెప్పింది ఎవరు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. గంట వినిపించింది. గంటకి గుడ్డ లేదు."

మందిరం గోలెత్తింది. నెహెమ్యా లేచి చేతులూపాడు. "అబద్ధం! గుడ్డ లేకపోవడమేంటి? థియోఫిల్ ప్రతిసారీ తొడిగేవాడు, నా కళ్ళారా చూశాను!"

"నేనే కుట్టాను," అంది ఇస్మే. ఆమె గొంతు మారిపోయింది. "ఎర్ర ఫ్లానెల్‌తో."

"గంట చూడండి," అన్నాడు హోల్డర్. "అలాగే పట్టుకెళ్ళాను, అలాగే తెచ్చాను."

నెహెమ్యా గంట ఎత్తి లోపలికి చూశాడు. బోడి నాలుక. వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "అయితే థియోఫిలే మరిచిపోయి ఉంటాడు. ఆరోజు గంట ఆయన చేతిలోనే కదా ఉంది. పోనీ, పోయినవాణ్ణి ఏమంటాం."

"అవును పాపం, థియోఫిలే," అన్నారెవరో వెనక నుంచి. ఆ మాట వరసల మీదుగా పాకింది. థియోఫిలే. థియోఫిలే అయ్యుంటాడు. జనానికి అది హాయిగా ఉంది. వెర్నీస్ తప్పు లేదు, మదర్ పొరబడింది, అంతే. చచ్చినవాడు మోస్తాడు. అలవాటున్నవాడే.

ఇస్మే నిలబడే ఉంది. తండ్రి పేరు నోటి నుంచి నోటికి పోతుంటే ఆమె తల్లివైపు చూసింది. కాదని చెప్పమ్మా, అన్నట్టు చూసింది. చిన్నపిల్లలా చూసింది.

అల్ఫాన్సీన్ నోరు మూసుకుంటే చాలు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

"నెహెమ్యా," అంది అల్ఫాన్సీన్. "రెండో ప్రశ్న అడుగు."

"ఇప్పుడా? ఈ గోలలో?"

"అడుగు."

నెహెమ్యా ఎప్పటిలాగే గబగబా అనేశాడు. "పట్టీలు కట్టే ఈ తల్లి మీద ఎవరి గుండెలోనైనా ముడి ఉందా?" ఎవరో పాట అందుకోబోయారు.

"ఉంది," అంది అల్ఫాన్సీన్.

పాట మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"థియోఫిల్ మరిచిపోలేదు. గుడ్డ తీసింది నేను. మోగించింది నేను. వద్దన్నాడు, వినలేదు. నా చేతిలోంచి లాక్కుని నాకోసం జైలుకు పోయాడు. వెర్నీస్ చూసింది ఆత్మ చూపించిందే. నాకు కనపడంది దానికి కనపడిందని ఓర్వలేక కాదన్నాను. ఇన్నేళ్ళూ మీ అందరికీ మారుమనస్సు చెప్పాను. ఇది పెట్టె అడుగున దాచుకుని చెప్పాను."

రవికలోంచి ఎర్రగుడ్డ తీసి చాపింది.

నెహెమ్యా నోరు తెరుచుకునే ఉంది. హోల్డర్ తల వంచుకున్నాడు. ఇస్మే వరసల మధ్యలోంచి నడిచి వచ్చింది. ఆ గుడ్డ తీసుకుంది. రెండు పోట్లు ఎక్కువ పడ్డ చోట వేలు పెట్టి చూసింది. తన కుట్టే.

"అమ్మా," అంది.

నెహెమ్యా చేతిలోంచి గంట తీసుకుని తిరగేసింది. నాలుకకు ఎర్రగుడ్డ తొడిగింది. దారం లాగి, తండ్రి వేసినట్టే ముడి వేసింది. గంటను తల్లి కాళ్ళ ముందు పెట్టింది.

"ఇప్పుడు మోగించు," అంది.

వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచింది. గుమ్మంలో నూనె మరకల గౌనుతో నిలబడి ఉన్న మనిషికి దారి ఇవ్వలేదు, దారి అడగనూ లేదు. భుజం రాసుకుంటూ వెళ్ళిపోయింది.

అల్ఫాన్సీన్ మోకాళ్ళ మీదికి దిగింది. పక్కనే పట్టీల బుట్ట. ఆమె ముడి విప్పేదాకా కట్టే చెయ్యి లేదు. వాటివైపు హోల్డర్ చూశాడు, తర్వాత ఆమె చూసింది. ఇద్దరూ ఒకే నేలమీద ఉన్నారు.

ఆమె గంట ఎత్తి ఊపింది. మెత్తగా, తలుపు వెనక ఎవరో దగ్గినట్టు చప్పుడైంది. ముందు వరస దాటలేదు.

గుమ్మంలో వెర్నీస్ ఒక కాలు గడప లోపల పెట్టింది. రెండోది ఇంకా బయటే ఉంది.